ఏరు నేలకి నీళ్లిస్తోందా, నేలే ఏటికిస్తోందా? ఒక్క పైపుతో ఇలా చూడండి

ఏట్లో నీళ్లు వేరు, గట్టు పక్క బావిలో నీళ్లు వేరు అనుకుంటాం గానీ చాలా చోట్ల అవి ఒకటే నీళ్లండి, ఇసుక కిందుగా అటూ ఇటూ తిరుగుతూనే ఉంటాయి. భూగర్భ జల మట్టం ఏటి మట్టం కన్నా పైనుంటే ఊట ఏట్లోకి వస్తుంది, కిందుంటే ఏటి నీళ్లే నేలలోకి ఇంకిపోతాయి. వానల్లేని నెలల్లో కూడా ఏరు పారుతోందంటే, ఎగువన డ్యామో మంచుకొండలో లేకపోతే, అదంతా దాదాపు ఊట పుణ్యమే.

మీ దగ్గర ఏది జరుగుతోందో చూడ్డానికి మీటరున్నర సన్నటి ప్లాస్టిక్ పైపు చాలు. ఒక చివర మూసేసి, ఆ చివర్లోనే ఒక 5 సెంటీమీటర్ల మేర చిన్న బెజ్జాలు పెట్టి, ఇసుక దూరకుండా పల్చటి నైలాన్ గుడ్డ చుట్టండి. మోకాలి లోతు దాటని చోటే దిగండి, ఎగువన వాన పడుతుంటే అసలు దిగొద్దు. ఏటి అడుగులోకి 50 సెంటీమీటర్లు దింపండి, గులకరాళ్లు తగిలితే ముందు ఇనప కడ్డీతో దారి చేసుకోవాలి.

దింపాక పైపు నిండా నీళ్లు పోయండి. మట్టం మెల్లగా దిగితే బెజ్జాలు పనిచేస్తున్నట్టే, కదలకుండా అలాగే నిలబడిపోతే బురద పట్టేసింది, తీసి కడిగి మళ్లీ దింపండి. దయచేసి ఇది వదిలేయకండి, మూసుకుపోయిన పైపు చూపించేదంతా అబద్ధమే.

లోపల మట్టం కదలడం ఆగేదాకా ఆగి, పైపు పై అంచు నుంచి లోపలి నీళ్లకెంత, బయటి నీళ్లకెంత కొలవండి. లోపల 5 సెంటీమీటర్లు ఎత్తులో ఉంటే ఊట పైకొస్తోంది, 5ని పైపు దింపిన లోతు 50తో భాగిస్తే వాలు, అంటే నీళ్లని తోసే ఒత్తిడి ఎంతో చెప్పే లెక్క, 0.1. నీళ్లు అలా ఏటిని మించి లేచి నిలబడ్డం చూస్తే నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది! అయితే అదే వాలుకి ఇసుకలో బోలెడు నీళ్లు కదులుతాయి, బంకమట్టిలో దాదాపు కదలవు, 1856లో ఫ్రెంచ్ ఇంజనీర్ డార్సీ చెప్పిన సూత్రం ఇదే.

ఒక్క చోట చూసి తేల్చేయకండి. గులకమేట ఎగువ అంచులో నీళ్లు లోపలికి దిగి దిగువ అంచులో బయటికొస్తాయి, రెండడుగుల తేడాలో జవాబు తిరగబడొచ్చు. వరదప్పుడు ఏటి నీళ్లు గట్టులోకి చేరి తర్వాత మెల్లగా వెనక్కొస్తాయి, అందుకని వరద తగ్గిన వెంటనే ఒకసారి, కొన్ని వారాలాగి ఇంకోసారి కొలవండి. థర్మామీటర్ ఉంటే ఇంకా మంచిది, ఏటి నీళ్లు పొద్దున చల్లగా మధ్యాహ్నం వెచ్చగా మారుతున్నా అడుగు ఇసుకలో అంకె కదలట్లేదంటే అక్కడ ఊట ఉండే అవకాశం ఎక్కువ.

గట్టు మీద బోరుంటే మోటార్ వేయకముందు, కొన్ని గంటలు నడిచాక పైపులో మట్టం చూడండి. బోరు మొదట ఏట్లోకి రావాల్సిన ఊటని లాక్కుంటుంది, ఇంకా తోడితే ఏటినే లాగుతుంది. లోపలి మట్టం బయటి కన్నా కిందికి పడిపోయిందంటే ఏటి నీళ్లు బోరు వైపు దిగుతున్నట్టే, ఆ బోరు నీళ్లు తాగేవాళ్లుంటే వెంటనే టెస్ట్ చేయించండి.