ఓపీ గోడ మీద పెన్నమ్మ

నెల్లూరులో ఒక ఆసుపత్రి ఓపీ హాల్లో పెన్నానది బొమ్మ వేయమన్నారు. గోడేమో కింద మోకాలెత్తు దాకా ఉప్పు పొడిలా రాలుతోంది. రాత్రి ఒక ప్లాస్టిక్ కవరును నాలుగువైపులా టేపేసి గోడకంటించా. తెల్లారేసరికి లోపలివైపు నీటి చుక్కలు! చెమ్మ గోడలోంచే వస్తోందన్నమాట. మేస్త్రి పుట్టీ పెట్టేద్దామన్నాడు. పుట్టీ చెమ్మను ఆపదు, కొన్నాళ్లు దాస్తుందంతే.

అందుకని సిమెంటు ఫైబర్ బోర్డుల మీద యాక్రిలిక్‌తో వేసి, వెనక గాలాడేలా అంగుళం ఎడమిచ్చి అల్యూమినియం చట్రానికి బిగించాం. బొమ్మ మీద బాగా మెరిసే గ్లాసీ వార్నిష్ వేస్తే ట్యూబులైటు మెరుపు స్ట్రెచర్ మీదున్నవాళ్ల కళ్లలో కొడుతుంది. మెరుపే లేని మ్యాటేమో బ్లీచింగ్ నీళ్ల తుడుపులకు ఆగదు. చిన్న ముక్క మీద తుడిచి చూసుకుని, కొద్దిగా మాత్రమే మెరిసే శాటిన్ వేశా.

కిటికీలోంచి చెట్లు కనబడిన రోగులు ఆపరేషన్ తర్వాత త్వరగా ఇళ్లకెళ్లారని 1984లో రోజర్ అల్రిచ్ అనే పరిశోధకుడు రాశాడు. ఆసుపత్రివాళ్లకు అది చూపించాకే, నది మధ్యలో డాక్టరుగారి బొమ్మ పెట్టాలన్న వాళ్ల మాట ఆగింది.