తిట్టు తప్పు మనిషికి తగులుతోందా? ఇంగ్లీషు చులకన మాటలతో వచ్చే తంటా

లక్షణం: స్పెల్లింగ్ బాగుంది, గ్రామర్ బాగుంది, చెకర్ ఎర్రగీత కూడా గీయలేదు. చదివినవాళ్లు మాత్రం మీరు జాలిపడ్డ మనిషినే తిట్టారనుకుంటున్నారు.

ముందు చూడాల్సింది ఒకటే: చులకనగా చూసేదెవరు, చులకనయ్యేదెవరు? ఇదెవరూ అడగరు. నిఘంటువులో "తిరస్కారం" అని కనబడగానే మాట తెచ్చి అతికించేస్తారు. కంటెంప్చువస్ అంటే ఎదుటివాణ్ణి పూచికపుల్లలా తీసిపారేసేవాడు. కంటెంప్టిబుల్ అంటే అలా తీసిపారేయదగ్గ నీచుడు. "మేనేజర్ మమ్మల్ని లెక్కచెయ్యడు" అనబోయి కంటెంప్టిబుల్ అని రాస్తే ఆయన్ని నీచుడన్నట్టే. (నిజమే కావచ్చు, కానీ ఆయనకే పంపే మెయిల్లోనా?)

ఇది త్వరగానే దొరికిపోతుంది. దొరకని దొంగ చివరనుండే "ఫుల్". స్కార్న్‌ఫుల్, డిస్‌డెయిన్‌ఫుల్ రెండూ చూసేవాడి వైపు మాటలు, చులకన వాడి మనసులో ఉంది. అదే లెక్కన షేమ్‌ఫుల్ అంటే సిగ్గుపడుతున్నవాడు అనుకుని "హి ఫెల్ట్ షేమ్‌ఫుల్" అని రాసేస్తారు. షేమ్‌ఫుల్, డిస్‌గ్రేస్‌ఫుల్ తిట్టేది చేసిన పనిని, లేదా చేసినవాణ్ణి. సిగ్గుపడేవాడు అషేమ్డ్. పరువు పోయినవాడు డిస్‌గ్రేస్‌డ్. సిగ్గుమాలిన పనులు చేస్తూ దర్జాగా పదవిలో కూర్చున్నవాడు డిస్‌గ్రేస్‌ఫుల్ మాత్రమే. బండారం బయటపడి పరువు పోయాకే డిస్‌గ్రేస్‌డ్ అవుతాడు.

పరిష్కారం: మాట పక్కన "ఆఫ్" పెట్టి, ఎవరిమీద చులకనో, దేనికి సిగ్గో దాన్ని చేర్చండి. "స్కార్న్‌ఫుల్ ఆఫ్ రూల్స్", "అషేమ్డ్ ఆఫ్ హిజ్ లై" నిలబడతాయి, కాబట్టి అవి మనసులో భావాన్ని చెప్పే మాటలు. "షేమ్‌ఫుల్ ఆఫ్ హిజ్ లై" కూలిపోతుంది. "ఇట్ వాజ్ షేమ్‌ఫుల్ ఆఫ్ హిమ్" అంటారు కదా అనకండి, అక్కడ ఆఫ్ తర్వాత ఉన్నవాడు ఆ పని చేసినవాడు. నామవాచకాలకైతే "ఫర్": కంటెంప్ట్ ఫర్, స్కార్న్ ఫర్. కంటెంప్ట్ ఆఫ్ కోర్ట్ చట్టం మాట, దాన్ని ఇటు లాగొద్దు.

ఇన్‌ఫేమస్ అంటే చెడ్డపేరు మోసినవాడు. "చాలా ఫేమస్" అనే అర్థంలో పొగడ్తకి వాడారా, వెంటనే తీసేయండి. డిరైసివ్ నవ్వు ఎగతాళి నవ్వు. డిరైజరీ జీతం మరీ నవ్వొచ్చేంత తక్కువ జీతం.

ఒప్రోబ్రియం (జనం వేసే గట్టి నింద), ఆబ్లొక్వీ (నలుగురూ దుమ్మెత్తిపోయడం), ఇగ్నమినీ (నలుగురిలో పరువు పోవడం) లాంటి బరువైన మాటలతో చిక్కొచ్చిందంటే అక్కడ అవి అక్కర్లేదనే. కాంట్యుమ్‌లీ (పొగరుగా చేసే అవమానం) చివర "లీ" ఉన్నా అది క్రియా విశేషణం కాదు, నామవాచకమే.