రెయిలు మీద జారే స్కీకి అంచు ఎలా ఉండాలి

మంచు కొండవాలులో దిగేందుకు పాదాలకు బిగించుకునే పొడవాటి పలక స్కీ. దానికి అంచు పదునే ప్రాణం. అదే స్కీతో విన్యాసంగా ఇనుప రెయిలు, అంటే కమ్మీ, ఎక్కి అడ్డంగా జారాలంటే ఆ పదునే ప్రమాదం. అమెరికాలోని మిన్నెసోటాలో, రెయిళ్లకు పేరుపడ్డ హైలాండ్ హిల్స్ స్కీ మైదానంలో నాకు ఈ సంగతి దెబ్బ తగిలాకే తెలిసింది. ఒక దుకాణంలో అంచులు మొత్తం సానపట్టించుకుని వెళ్లాను. మొదటి రెయిలు మీదే, ఇనుము అతికిన చోట పాదం కింది అంచు పట్టేసింది. స్కీ ఆగిపోయింది, నేను మోచేతి మీద పడ్డాను.

మామూలు స్కీల ఉక్కు అంచు సుమారు 2 మిల్లీమీటర్లు ఉంటే, కొన్ని ఫ్రీస్టైల్ (విన్యాసాల) స్కీలకు 2.5 మిల్లీమీటర్ల అంచు ఉంటుంది. ఆ అర మిల్లీమీటరు దెబ్బలకు ఎక్కువ ఓర్చుకుంటుంది, అరగదీయడానికి కాస్త ఉక్కు మిగులుతుంది. లిబ్ టెక్ సంస్థ మాగ్నెట్రాక్షన్ పేరుతో అంచును అలలుగా తీర్చింది. కక్కు కొట్టిన కొడవలిలా అది గడ్డకట్టిన మంచులో పలుచోట్ల దిగి పట్టునిస్తుంది. అయితే ఆ వంపుల్లో ఆకురాయి సమంగా ఆడదు కనుక, రెయిళ్లే ప్రధానమైన వారికి మందమైన తిన్నని అంచే మేలని నా అభిప్రాయం.

ఇక పదును తగ్గించే పని. బైండింగుల (బూటును స్కీకి పట్టి ఉంచే బిగింపుల) మధ్య భాగాన్నీ, దానికి ముందూ వెనుకా జానెడు చొప్పున భాగాన్నీ గుర్తు పెట్టుకోండి. రెయిలుకు ఎక్కువగా తగిలేది అదే. ఆకురాయిని 45 డిగ్రీల కోణంలో పట్టి, ఒకే దిశలో రెండు మూడు సార్లు మాత్రమే లాగి, ఆపైన మెత్తని సానరాయితో మూల గుండ్రబడేదాకా రుద్దండి. పోయిన ఉక్కు తిరిగి రాదు కనుక తొందర వద్దు. గోరును అంచు మీద అడ్డంగా లాగినప్పుడు పొడి రాలితే ఇంకా పదును ఉన్నట్టు. గోరు నున్నగా జారిపోతే చాలు. మిగతా అంచును ముట్టుకోకండి. ముఖ్యంగా వీధుల్లో మెట్ల పక్క రెయిళ్లకు వెళ్లే దారి పొట్టిగా, గట్టి మంచుతో ఉంటుంది. అక్కడ వేగాన్నీ దిశనూ నిలిపేది ఆ పదునే.

రాయికో ఇనుముకో గట్టిగా రాసుకున్న చోట ఉక్కు వేడెక్కి గట్టిపడుతుంది, దాని మీద ఆకురాయి జారిపోతుంది. ముందు వజ్రపు పొడి అద్దిన సానతో ఆ పొరను తీసి, తరువాతే ఆకురాయి వాడాలి.

వెంట్రుకంత పగులుకు భయపడనక్కరలేదు. అంచు బయటికి పొడుచుకు వస్తే మాత్రం జారడం ఆపండి: ఆ సందులోంచి నీరు స్కీ లోపలి చెక్కలోకి దిగి, గడ్డకట్టి, పొరలను విడదీస్తుంది. స్కీని రెండు రోజులు వెచ్చని గదిలో ఆరబెట్టి, సందులో రెండు భాగాలు కలిపి వాడే ఎపాక్సీ జిగురు నింపి, మైనపు కాగితం వేసిన చెక్కల మధ్య రాత్రంతా బిగించి ఉంచండి. మర్నాడు పైకి పొంగిన జిగురును అడుగుభాగంతో సమంగా గీకేసి, అతుకు చేతికి తగలకుండా సానపట్టండి.