లైసెన్సు తుపాకీ నడుముకుండగా పోలీసులు బండి ఆపితే

కావలి ముసునూరు టోల్‌గేటు, టంగుటూరు టోల్‌గేటు, ఊరి పొలిమేరలో అడ్డంగా పెట్టిన నాలుగు బారికేడ్లు. పదహారో నంబరు హైవే మీద రాత్రి ప్రయాణం చేసేవాళ్లకి తనిఖీ కొత్తేం కాదు. పోలీసులు వెతికేది గంజాయి, ఎర్రచందనం, రేషన్ బియ్యం, లెక్కలేని డబ్బు. లైసెన్సున్న రివాల్వర్ కోసం ఎవరూ ఎదురుచూడరు. చిక్కంతా అక్కడే. ఎదురుచూడని చోట తుపాకీ పిడి కనపడితే కానిస్టేబుల్‌కి మీరు నగల షాపు ఓనరో, చీమకుర్తి గ్రానైట్ వ్యాపారో, చెరువుల మీద డబ్బు పంచడానికి పోతున్న రొయ్యల రైతో తెలియదు. కాబట్టి ఈ పనిలో వరస ఒకటే: ముందు నోటితో చెప్పాలి, ఆ తర్వాతే చెయ్యి కదలాలి. కింద రాసినవన్నీ ఆ వరస తప్పకుండా ఉండేందుకు చేసుకునే ఏర్పాట్లే.

మొదట చట్టం సంగతి. తుపాకీని దాచి మోయడానికి వేరే పర్మిట్ అంటూ మన దేశంలో లేదు. 2016 ఆయుధాల నియమాల ప్రకారం బయట తిరిగేటప్పుడు పిస్టల్‌గానీ రివాల్వర్‌గానీ ఒంటికి తగిలించుకున్న హోల్‌స్టర్‌లోనో, తగిన సంచిలోనో ఉండాలి, పైకి కనపడకూడదు, మీ అదుపులోనే ఉండాలి. అంటే కప్పి ఉంచడం మీ ఇష్టం కాదు, మీ బాధ్యత. చొక్కా టక్ చేసి బెల్టుకి పిడి కనపడేలా తిరగడం హోదా అనుకునేవాళ్లు మన జిల్లాల్లో తక్కువేం లేరు. తనిఖీలో మొదట తగులుకునేది వాళ్లే.

1959 ఆయుధాల చట్టం సెక్షన్ 19 కింద తుపాకీ మోస్తున్న మనిషిని లైసెన్సు చూపమని ఏ పోలీసు అధికారైనా అడగొచ్చు. ‘ఎస్సైని రమ్మను, అప్పుడు చూపిస్తా’ అనే వాదం చెల్లదు. చూపలేకపోతే పేరూ చిరునామా అడిగి తుపాకీ స్వాధీనం చేసుకునే అధికారం వాళ్లకుంది. పేరు చెప్పనన్నా, తప్పుడు పేరు చెప్పాడనో పారిపోతాడనో అనుమానం వచ్చినా వారంట్ లేకుండానే అరెస్టు చేయొచ్చు. చెల్లే లైసెన్సు లేకుండా తుపాకీ ఉంచుకుంటే 2019 సవరణ తర్వాత శిక్ష రెండేళ్ల నుంచి ఐదేళ్లు. లైసెన్సు ఉండి దాని షరతు తప్పితే సెక్షన్ 30 కింద ఆరు నెలల వరకు జైలు, లేదా 2,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. జరిమానా చిన్నదని తేలిగ్గా తీసుకోవద్దు. ఆ కేసు చూపించి కలెక్టరాఫీసులో లైసెన్సు రద్దు చేయడం పెద్ద పనేం కాదు.

అడక్కుండానే చెప్పాలా అన్నది అందరూ అడిగే ప్రశ్న. అమెరికాలో కొన్ని రాష్ట్రాల్లో బండి ఆపగానే చెప్పి తీరాలని చట్టమే ఉంది. ఆ వీడియోలు చూసి ఇక్కడా అదే రూలు అనుకుంటారు. మన సెక్షన్ 19 అడిగితే చూపమంటుంది, అంతే. మా సలహా ఇది. అద్దం దించగానే బ్రీత్ ఎనలైజర్ ఊదించి పొమ్మంటే చెప్పే అవసరం రాదు. ‘దిగండి’ అన్నా, ‘డిక్కీ తీయండి’ అన్నా, ఒంటి మీద చెయ్యి వేసి వెతికేలా ఉన్నా అప్పుడు తప్పక చెప్పాలి, అదీ సీటులోంచి కదలకముందే. దిగేటప్పుడు చొక్కా పైకి లేస్తుంది, హోల్‌స్టర్ కనపడుతుంది. ఆ తర్వాత చెప్పిన మాటకి విలువ సగమే.

ఇల్లు కదిలేముందు చూసుకోవాల్సింది లైసెన్సు బుక్కు. ఒరిజినల్ బుక్కే దగ్గరుండాలి. జిరాక్సు, ఫోన్‌లో ఫొటో అదనపు జాగ్రత్తలే తప్ప బుక్కుకి బదులు కావు. అందులో నాలుగు చోట్ల వేలు పెట్టి చూడండి. యూఐఎన్ (లైసెన్సుదారుకి ఇచ్చే గుర్తింపు) నంబరు ఉందా. గడువు తేదీ ఎప్పుడు (2019 సవరణ తర్వాత లైసెన్సు ఐదేళ్లకు ఇస్తున్నారు, రెన్యువల్‌కి గడువుకు కనీసం 60 రోజుల ముందే దరఖాస్తు పెట్టాలి). ఏ ప్రాంతం వరకు చెల్లుతుంది. తుపాకీ మీద చెక్కిన నంబరూ బుక్కులో రాసిన నంబరూ అక్షరం తేడా లేకుండా ఒకటేనా. రెన్యువల్ అయినప్పుడు టైపింగులో ఒక అంకె తారుమారై, ఏళ్ల తరబడి ఎవరూ చూసుకోకపోవడం బాగా జరిగేదే. అది రోడ్డు మీద టార్చిలైటు వెలుగులో బయటపడితే ‘ఈ తుపాకీ నీది కాదు’ అన్న అనుమానంగా మారుతుంది. ఇంట్లో బయటపడితే కలెక్టరాఫీసులో ఒక అర్జీతో పోతుంది. ప్రాంతం గడి కూడా అంతే. ఆంధ్రప్రదేశ్ వరకే అని రాసి ఉన్న లైసెన్సుతో చెన్నైకి బయల్దేరితే తడ దాటిన క్షణం నుంచి మీ చేతిలో ఉన్నది చెల్లే కాగితం కాదు.

తూటాలు కూడా లెక్కే. బుక్కులో ఎన్ని ఉంచుకోవచ్చని రాసి ఉందో అంతకు మించి ఒక్కటి దొరికినా లెక్క తప్పినట్టే. పాతవి డ్యాష్‌బోర్డులోనో, బ్యాగు అడుగునో దొర్లుతూ మర్చిపోయినవే ఎక్కువగా ఇబ్బంది పెడతాయి. బయల్దేరేటప్పుడు లెక్కపెట్టి, ఎన్ని తీసుకెళ్తున్నారో గుర్తుంచుకోండి. అడిగినప్పుడు ‘ఆరు, అన్నీ ఇందులోనే’ అని వెంటనే చెప్పగలగాలి.

ఇక సర్దుబాటు. తుపాకీ ఒక పక్క, కాగితాలు ఇంకో పక్క. కుడిచేతివాటం వాళ్లు హోల్‌స్టర్ కుడి నడుముకి పెట్టుకుంటారు కాబట్టి లైసెన్సు బుక్కు చొక్కా ఎడమ జేబులో, పలచటి ప్లాస్టిక్ కవరులో ఉంచుకోవాలి. డ్రైవింగ్ లైసెన్సు, ఆర్‌సీ, ఇన్సూరెన్సు డిజిలాకర్‌లో చూపినా చెల్లుతాయి గనక వాటికోసం ఎక్కడా వెతుక్కునే పని ఉండకూడదు. గ్లవ్‌బాక్సులో ఆర్‌సీ, దాని పక్కనే రివాల్వర్ పెట్టుకోవడం అన్నిటికన్నా చెడ్డ ఏర్పాటు. కాగితం చూపమంటే తలుపు తీస్తారు, తీయగానే కనపడేది పిడి. వెనక జేబులో పర్సు పెట్టుకునే అలవాటు కూడా మానాలి, పర్సుకోసం పోయే చెయ్యి హోల్‌స్టర్ పక్కనుంచే పోతుంది.

కారు ఆపమన్నారు. ఇండికేటర్ వేసి ఎడమ పక్కకి, పోలీసులకి వెలుతురున్న చోట ఆపండి. ఇంజన్ ఆపి, హెడ్‌లైట్లు తగ్గించి, లోపలి లైటు వేయండి. డ్రైవరు పక్క అద్దం పూర్తిగా దించండి. సీట్‌బెల్టు తీయొద్దు. దాన్ని విప్పడానికి వంగితే బయటినుంచి చూసేవాళ్లకి నడుము దగ్గర ఏదో చేస్తున్నట్టే కనపడుతుంది. రెండు చేతులూ స్టీరింగ్ పైభాగాన ఉంచి మాట మొదలుపెట్టండి:

‘నమస్తే సార్. నాకు ఆయుధ లైసెన్సు ఉంది. రివాల్వర్ కుడి నడుముకి హోల్‌స్టర్‌లో ఉంది. బుక్కు ఎడమ జేబులో ఉంది. తీసి ఇమ్మంటారా?’

లైసెన్సు అన్న మాటే ముందు రావాలి. ‘గన్ను’ అంటూ మొదలుపెడితే తర్వాతి ముక్క వినేలోపే అవతలి మనిషి వెనక్కి దూకుతాడు. గొంతు మామూలుగా ఉండాలి. చెప్పాక ఆగండి. ఆయన సరే అన్నాకే ఎడమచేత్తో బుక్కు తీయండి. పక్కనున్న భార్యకీ, వెనకున్న స్నేహితులకీ ముందే చెప్పి ఉంచాలి: ఎవరూ మధ్యలో మాట్లాడొద్దు, ఫోన్ పైకెత్తొద్దు, ‘మావాడి మామ డీఎస్పీ’ అనొద్దు.

తుపాకీ చూపమంటే మీరుగా తీయొద్దు. ‘నేను తీయమంటారా, మీరే తీసుకుంటారా సార్?’ అని అడగండి. చాలామంది తామే తీసుకుంటారు. అప్పుడు దిగి, వీపు వాళ్లవైపు తిప్పి, చేతులు కారు పైకప్పు మీద పెట్టి నిలబడితే చాలు. వీలైతే హోల్‌స్టర్‌తో సహా తీసి ఇచ్చేలా క్లిప్పు రకం వాడండి. ట్రిగ్గర్ కప్పి ఉన్న తుపాకీ చేతులు మారినా ప్రమాదం తక్కువ.

ఖాళీ చేసి ఇవ్వమంటే ఆయుధాన్ని బట్టి పద్ధతి మారుతుంది, తప్పులు జరిగేదీ ఇక్కడే. ఆర్డినెన్స్ ఫ్యాక్టరీ మామూలు .32 రివాల్వర్ మధ్యలో విరిగి తెరుచుకునే రకం. వేలు ట్రిగ్గర్‌కి దూరంగా, గొట్టం మనుషులు లేనివైపు నేలకి చూపిస్తూ, వెనక గొళ్లెం బొటనవేలితో నొక్కి గొట్టాన్ని మెల్లగా కిందికి వంచాలి. ఒక్కసారిగా విరిస్తే లోపలి నక్షత్రపు ముక్క ఆరు తూటాల్నీ పైకి లేపి బయటికి విసిరేస్తుంది. చీకట్లో తారురోడ్డు మీద ఒకటి దొర్లి లారీ కిందికి పోయిందంటే లెక్క తేలేదాకా అందరూ అక్కడే. అందుకే ఎడమ అరచెయ్యి సిలిండర్ కింద పట్టుకుని వంచండి. .32 పిస్టల్ అయితే మొదట మేగజైన్ (తూటాలుండే పెట్టె) తీయాలి, ఆ తర్వాతే స్లైడు (పిస్టల్ పైన జారే భాగం) వెనక్కి లాగి గొట్టం మొదట్లో తూటా కూర్చునే ఛాంబర్‌లో ఉన్న తూటా బయటికి తీయాలి. కంగారులో ముందు స్లైడు లాగి తర్వాత మేగజైన్ తీస్తారు. స్లైడు ముందుకొస్తూ కొత్త తూటాని లోపలికి తోసేసి ఉంటుంది. మేగజైన్ చేతిలో కనపడుతుంది కాబట్టి పిస్టల్ ఖాళీ అయిందని ఇద్దరూ నమ్ముతారు. స్లైడు వెనక్కి పట్టి ఛాంబర్‌లోకి కంటితో చూసి, పోలీసుకి కూడా చూపించాకే ఇవ్వండి.

పన్నెండు బోరు డబుల్ బ్యారెల్‌కి ఇంత కథ లేదు. ప్రయాణంలో దాన్ని నింపి ఉంచకూడదు. ముందు చెక్క, గొట్టాలు, వెనక చెక్క విడదీసి కవరులో పెట్టి, తోటాలు వేరే సంచిలో ఉంచితే చూసినవాళ్లకి వెంటనే అర్థమవుతుంది.

మోటారుసైకిల్ మీద పరిస్థితి కొంచెం వేరు. ఆపగానే స్టాండు వేసి దిగాలని చూస్తారు, వంగినప్పుడు చొక్కా లేస్తుంది. బండి మీదే కూర్చుని, రెండు కాళ్లూ నేల మీద పెట్టి, తాళం తిప్పి ఆపి, హెల్మెట్ అద్దం ఎత్తి, చేతులు హ్యాండిల్ మీద ఉంచి చెప్పండి. పొడుగు చొక్కాగానీ జాకెట్‌గానీ ఉంటే మేలు. స్కూటర్ సీటు కింది డిక్కీలో తుపాకీ పెట్టడం పనికిరాదు, అది మీ అదుపులో ఉన్నట్టు కాదు.

డ్రైవరున్న వాళ్లకి ఒక హెచ్చరిక. లైసెన్సు మీ పేరు మీదుంది, మీ బండి పేరు మీద కాదు. హోటల్లో భోజనానికి దిగి తుపాకీ కారులో డ్రైవరు దగ్గర వదిలేస్తే, ఆ అరగంటలో తనిఖీ వస్తే కేసు ఆ కుర్రాడి మీద. మీరు పక్కనున్నప్పుడో, మీరు రాసిచ్చిన కాగితంతోనో రిపేరుకి, రెన్యువల్‌కి, మీ వాడకానికి ఇంకొకరు మోయొచ్చని సెక్షన్ 3లో మినహాయింపు ఉంది గానీ, నోటిమాటగా ‘చూస్తుండు’ అని వదిలిపోవడం అందులోకి రాదు.

ఎక్కడికి తీసుకెళ్లకూడదో కూడా తెలిసుండాలి. ప్రత్యేక అనుమతి లేకుండా తిరునాళ్ల, మతపరమైన ఊరేగింపు, బహిరంగ సభ లాంటి చోట్లకి తుపాకీతో పోవడాన్ని లైసెన్సు షరతులు ఒప్పుకోవు. నెల్లూరు బారాషహీద్ దర్గా రొట్టెల పండగకి పోతుంటే ఇంట్లో బీరువాలో పెట్టి తాళం వేసి పోవాలి. అభయారణ్యాల సంగతి చాలామందికి తెలియదు. 1972 వన్యప్రాణి చట్టం సెక్షన్ 31 ప్రకారం చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ రాతపూర్వక అనుమతి లేకుండా ఆయుధంతో అభయారణ్యంలో అడుగుపెట్టకూడదు. దోర్నాల నుంచి శ్రీశైలం పోయే దారి నల్లమల పులుల అడవిలోంచే. పెంచలకోన చుట్టూ ఉన్నది పెనుశిల నరసింహ అభయారణ్యం. శ్రీహరికోట దారి పులికాట్ పక్షుల అభయారణ్యం మీదుగా పోతుంది. దైవదర్శనానికే పోతున్నా, ఫారెస్టు చెక్‌పోస్టులో కలెక్టరిచ్చిన లైసెన్సు ఆ అనుమతికి బదులు కాదు.

ఎన్నికల కోడ్ వచ్చాక లెక్క పూర్తిగా మారుతుంది. ఎవరి ఆయుధం వాళ్ల దగ్గరే ఉండొచ్చో తేల్చే స్క్రీనింగ్ కమిటీ మినహాయింపు ఇవ్వకపోతే, డిపాజిట్ చేయమని నోటీసు రాగానే ఆయుధం స్టేషన్‌లో ఇచ్చి రసీదు తీసుకోవాలి. బ్యాంకు క్యాష్‌వ్యాన్ గార్డుల్లాంటి వాళ్లు మినహాయింపు ఉత్తర్వు కాపీ లైసెన్సుతో పాటే ఉంచుకోవాలి. ఆ రోజుల్లో 50,000 రూపాయలు దాటిన నగదుకి కూడా కాగితాలు అడుగుతారు కాబట్టి డబ్బూ తుపాకీ రెండూ ఉన్న ప్రయాణం వాయిదా వేసుకోవడమే తెలివి.

మందు సంగతి ఒక్క మాటలో: తాగితే తుపాకీ ముట్టొద్దు. వంద మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాముల ఆల్కహాల్ దాటితే బండి కేసు. నడుముకి రివాల్వర్ కూడా ఉంటే లైసెన్సు రద్దుకి కారణం మీరే చేతికిచ్చినట్టు.

అన్నీ సరిగ్గా ఉన్నా తుపాకీ తీసుకుంటామంటే రోడ్డు మీద లాక్కోవద్దు, వాదించొద్దు. రాసిచ్చే కాగితం కోసం మాత్రం పట్టుబట్టండి. అందులో ఆయుధం రకం, బోరు, నంబరు, తూటాల సంఖ్య, తేదీ, సమయం, స్టేషన్ పేరు, తీసుకున్న అధికారి హోదా, సంతకం ఉండాలి. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత సెక్షన్ 105 ప్రకారం సోదా, స్వాధీనం ఆడియో వీడియోలో రికార్డు చేయాలి. ‘రికార్డు చేస్తున్నారా సార్?’ అని మర్యాదగా అడగడంలో తప్పులేదు. లైసెన్సు బుక్కు కూడా తీసుకుంటే దాని సంగతీ అదే కాగితంలో రాయించుకోండి. బుక్కు ఒకచోట, తుపాకీ ఒకచోట చేరితే తిరిగి రాబట్టుకోవడానికి రెండింతలు తిరగాలి. మర్నాడే ఆ రసీదు కాపీ జతచేసి ఎస్పీ ఆఫీసులోనూ, కలెక్టరాఫీసు ఆయుధాల సెక్షన్‌లోనూ అర్జీ ఇచ్చి, ఇచ్చినట్టు ముద్ర వేయించుకోండి.