పోకెమాన్‌లో వింత టైప్ జోడీలు వాడటం ఎలా?

ఈ గేమ్‌లో ప్రతి పోకెమాన్‌కీ ఫైర్, వాటర్ లాంటి టైపులు (రకాలు) ఒకటో రెండో ఉంటాయి. ఏ టైప్ దాడి దేని మీద ఎంత పనిచేస్తుందో చెప్పే 18 టైపుల చార్ట్ అంతా బట్టీ పట్టక్కర్లేదు. ఎదుటి దాడి మన రెండు టైపుల మీద విడివిడిగా ఎంత పనిచేస్తుందో చూసి, ఆ రెండింటినీ గుణించండి, అంతే. వోల్కేనియన్ అనే పోకెమాన్ ఫైర్-వాటర్ కదా, గ్రాస్ దాడికి ఫైర్ సగం చేస్తే వాటర్ రెట్టింపు చేస్తుంది, చివరికి తగిలేది మామూలు దెబ్బే, అదే ఐస్ అయితే పావు వంతే.

తర్వాత సున్నాలు, అంటే అసలు తగలని దాడులు, వెతకండి, అసలు మజా అక్కడే. హిసుయన్ జోరోఆర్క్ నార్మల్-ఘోస్ట్ కాబట్టి నార్మల్, ఫైటింగ్, ఘోస్ట్ మూడూ దానికి తగలవు, ఉన్న బలహీనత డార్క్ ఒక్కటే. అవతలివాడు ఫైటింగ్ దాడి చేస్తాడనిపించిన టర్న్‌లోనే దీన్ని దించేయండి, వాడి టర్న్ వృథా. కాకపోతే ఒంట్లో బలం తక్కువ, ఊరికే నిలబెట్టి దెబ్బలు తినిపించకండి.

నాలుగు రెట్ల బలహీనత ఉందేమో కూడా చూడాలి. ఫైర్-స్టీల్ హీట్రాన్‌కి గ్రౌండ్ దాడి అంటే అంతే సంగతులు, ఎయిర్ బెలూన్ అనే వస్తువు పట్టిస్తే అది పగిలేదాకా టెన్షన్ లేదు.

ఎబిలిటీ (పోకెమాన్‌కి ఉండే ప్రత్యేక గుణం) మాత్రం మర్చిపోవద్దు. వోల్కేనియన్‌కి వాటర్ అబ్జార్బ్ ఉంది, నీళ్ల దాడి చేస్తే దాని హెచ్‌పీ (ప్రాణశక్తి) ఇంకా పెరుగుతుంది!