ఇంట్లో ఒకరికి బ్రౌన్ షుగర్ అలవాటైతే: ఒక అక్కగా నేను తెలుసుకున్నవి

మా తమ్ముడు చావుకి దగ్గరగా వెళ్ళింది రోజూ బ్రౌన్ షుగర్, అంటే నాసిరకం హెరాయిన్, పీలుస్తున్న రోజుల్లో కాదు. ఇరవై రోజులు మానేసి, "గండం గడిచింది" అని అమ్మ దేవుడికి కొబ్బరికాయ కొట్టిన వారంలోనే. ఇలా జరగొచ్చని మాకు ఎవరూ చెప్పలేదు. మీకైనా ముందే తెలియాలని రాస్తున్నాను.

వాడికి ముంబైలో ఉద్యోగం చేసేటప్పుడు అలవాటైంది. కాకినాడ వచ్చేశాక వంటింట్లో ఫాయిల్ చుట్ట వారానికొకటి అయిపోయేది. దాని మీద హెరాయిన్ వేడిచేసి పొగ పీల్చేవాడు, బాత్రూం కిటికీ మీద మసి పట్టిన ఫాయిల్ ముక్కలు దొరికేవి. అన్నం కలుపుతూనే కంచం ముందు కునికేవాడు. కనుపాపలు మసక వెలుతురులో కూడా ఆవగింజంత ఉండేవి. ఎప్పుడూ ఒళ్ళు గోక్కునేవాడు, రోజుల తరబడి విరేచనం కాదనేవాడు. మీ ఇంట్లో ఇవన్నీ కలిసి కనిపిస్తే, అరవకండి, డాక్టర్ దగ్గరకి తీసుకెళ్ళండి.

హెరాయిన్‌ని నల్లమందులోని మార్ఫిన్ నుంచి తయారు చేస్తారు. 1898లో బేయర్ కంపెనీ దీన్ని దగ్గు మందుగా అమ్మింది కూడా. అది నొప్పిని అణచడంతో పాటు ఊపిరిని నడిపించే మెదడు భాగాన్నీ మందగింపజేస్తుంది. మోతాదు మించితే మనిషి పోయేది అలా ఊపిరి ఆగే. సూదితో ఎక్కించుకునేవాళ్ళు సూదులు పంచుకుంటే హెచ్‌ఐవీ, హెపటైటిస్ సి కూడా రావచ్చు. కొన్నాళ్ళకి శరీరం ఎంత అలవాటు పడిపోతుందంటే, మత్తు కోసం కాదు, ఆ రోజు మామూలుగా లేచి తిరగడానికే తీసుకుంటారు. వాడు అబద్ధాలు ఆడాడు, అమ్మ వెండి భరిణె అమ్మేశాడు. అది వాడి గుణం అనుకుని ఏడాది పోగొట్టుకున్నాం.

మేం చేసిన పెద్ద తప్పు, వాడిని గదిలో పెట్టి తాళం వేయడం. ఆఖరిసారి తీసుకున్న ఎనిమిది, పన్నెండు గంటలకి ఆవులింతలు, ముక్కు కారడం మొదలవుతాయి. తర్వాత వాంతులు, విరేచనాలు, ఎముకల్లో నొప్పి, కాళ్ళు పీకడం. రెండో, మూడో రోజు భరించలేనట్టు ఉంటుంది. వారం, పది రోజుల్లో తగ్గుతుంది. మానేసినప్పుడు వచ్చే ఈ బాధని విత్‌డ్రాయల్ అంటారు, వాడు 'టర్కీ' అనేవాడు. డాక్టర్ ఉంటే మందులతో చాలా వరకు తగ్గించగలిగే బాధ అది.

ఆ వారం గడవడమే నయం కావడం అనుకున్నాం. కానీ మానేసిన రోజుల్లో శరీరం పాత మోతాదుని తట్టుకునే శక్తి పోగొట్టుకుంటుంది, కోరిక మాత్రం అలాగే ఉంటుంది. వాడు ఎప్పుడూ తీసుకునేంతే తీసుకున్నాడు. చూసేసరికి పెదాలు నీలంగా ఉన్నాయి, గొంతులో గురగుర. అలా కనిపిస్తే వెంటనే 108కి ఫోన్ చేయండి. పక్కకి తిప్పి పడుకోబెట్టండి. ఉప్పునీళ్ళు తాగించడం, తలమీద నీళ్ళు కుమ్మరించడం వద్దు. ఊపిరి ఆగితే నోటిలో నోరు పెట్టి ఊదండి. ఏం తీసుకున్నాడో దాచకుండా చెప్పండి, అప్పుడే హెరాయిన్ ప్రభావాన్ని తిప్పికొట్టే నాలోక్సోన్ ఇంజెక్షన్ ఇస్తారు. దాని పని హెరాయిన్ కంటే ముందే అయిపోవచ్చు. కాబట్టి కళ్ళు తెరవగానే ఇంటికి తెచ్చేయకండి.

తర్వాత చేర్చిన ఒక ప్రైవేటు సెంటర్‌లో వాడిని కొట్టారు. పదకొండో రోజు తెచ్చేసుకున్నాను. చేర్చే ముందు నేను అడగాల్సిన ప్రశ్నలు: సైకియాట్రిస్ట్ రోజూ వస్తారా? ఇంటివాళ్ళు వచ్చి చూడొచ్చా? బయటికొచ్చాక మందులు ఎవరిస్తారు? వాటికి జవాబు లేని చోట చేర్చకండి.

దారి దొరికింది ప్రభుత్వ మానసిక వైద్యశాలలో. అలాంటివి హైదరాబాద్ ఎర్రగడ్డలో, విశాఖ చినవాల్తేరులో ఉన్నాయి. వాడికి బుప్రెనార్ఫిన్ అనే బిళ్ళ మొదలుపెట్టారు, అదీ హెరాయిన్ జాతి మందే. నాలుక కింద కరగనివ్వాలి, మింగకూడదు. మొదటి బిళ్ళ విత్‌డ్రాయల్ లక్షణాలు మొదలయ్యాకే వేయాలి, లేకపోతే అవి ఒక్కసారిగా ముదురుతాయి. "ఒక మత్తు మానిపించి ఇంకో మత్తా?" అన్నాడు బాబాయి. కాదు, బాబాయ్. సరైన మోతాదులో అది మత్తునివ్వదు, కోరికని ఆపుతుంది. హెరాయిన్ ఏమీ లేని శరీరానికి, మళ్ళీ తీసుకున్నా అది పనిచేయకుండా అడ్డుకునే నాల్ట్రెక్సోన్ అనే మందూ ఉంది. ఒంట్లో ఇంకా హెరాయిన్ ఉండగా అది ఇస్తే ఒక్కసారిగా తీవ్రంగా విత్‌డ్రాయల్ వస్తుంది. అందుకే ప్రకటనలు చూసి, వాళ్ళకి తెలియకుండా అన్నంలో ఏదీ కలపకండి.

పోలీసుల భయంతో ఆగిపోకండి. ఎన్‌డీపీఎస్ అనే మత్తుమందుల చట్టం, 1985లో 64ఎ సెక్షన్ ఉంది. సొంతంగా వాడిన కేసు, లేదా తక్కువ పరిమాణం కేసు ఎదుర్కొంటున్న, మత్తుకి అలవాటుపడ్డ మనిషి తనంతట తాను ప్రభుత్వ లేదా గుర్తింపు పొందిన చోట చికిత్స తీసుకుంటే ప్రాసిక్యూషన్ నుంచి రక్షణ దొరుకుతుంది. చికిత్స మధ్యలో వదిలేస్తే ఆ రక్షణ పోవచ్చు. ఎక్కడికెళ్ళాలో తెలియకపోతే 14446 ఉచిత హెల్ప్‌లైన్‌కి చేయండి. మీకే నిద్ర పట్టకపోతే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ 14416 ఉంది. నేను రెండోదానికి రాత్రి ఒంటిగంటకి చేసి ఏడ్చాను.

వాడు మధ్యలో రెండుసార్లు మళ్ళీ తీసుకున్నాడు. రెండుసార్లూ నాకే ముందు చెప్పాడు, మేం మర్నాడే డాక్టర్ దగ్గరకెళ్ళాం. ఇప్పుడు పొద్దున్నే బిళ్ళ వేసుకుని, అది కరిగేదాకా మాట్లాడకుండా నా పక్కన కూర్చుంటాడు. ఆ తర్వాతే కాఫీ అడుగుతాడు.