వలస వచ్చిన షెరీఫ్ బతుకును కాగితాల్లో వెతకడం ఎలా

అమెరికా పశ్చిమ పట్నాల్లో చట్టం నడిపిన వలసదారుల గురించి వెతికేవాళ్లు ముందు తుపాకీ కథలు పట్టుకుంటారు. వాటిని చివరికి ఉంచండి. ఇప్పటి సౌత్ డకోటాలోని బ్లాక్ హిల్స్ కొండల్లో ఉన్న గనుల పట్నం డెడ్‌వుడ్. దానికి మొదటి షెరీఫ్ సేత్ బుల్లక్‌నే తీసుకుందాం. 1849లో కెనడాలో పుట్టాడు. మోంటానాలో షెరీఫ్‌గా చేసి, 1876 ఆగస్టులో డెడ్‌వుడ్ చేరాడు.

మొదట తేల్చుకోవాల్సింది మనిషి చేసిన కొలువు ఏదని. షెరీఫ్ కౌంటీ (మన జిల్లా లాంటిది) మనిషి. టౌన్ మార్షల్ పట్నం మనిషి. యూఎస్ మార్షల్ కేంద్ర ప్రభుత్వపు మనిషి, అతన్ని అధ్యక్షుడే నియమిస్తాడు. మూడింటి కాగితాలూ వేర్వేరు చోట్ల ఉంటాయి, పాత పత్రికలేమో మూడింటినీ కలిపేస్తాయి. బుల్లక్‌ను 1877 మార్చిలో గవర్నర్ షెరీఫ్‌గా నియమించాడు. నవంబరు ఎన్నికల్లో జాన్ మానింగ్ చేతిలో ఓడిపోయాడు. డెడ్‌వుడ్ షెరీఫ్‌గిరీ ఏడాది కూడా నిలవలేదన్నమాట. 1905లో అధ్యక్షుడు థియోడర్ రూజ్‌వెల్ట్ అతన్ని సౌత్ డకోటా యూఎస్ మార్షల్‌ను చేశాడు. ఆ కాలపు కాగితాల కోసం కౌంటీ కోర్టుకి వెళ్తే ఉత్త చేతులే.

తర్వాత ఆ నేల అప్పటికి ఎవరిదో చూడాలి. అమెరికా ప్రభుత్వంతో కుదిరిన 1868 ఒప్పందం ప్రకారం బ్లాక్ హిల్స్ అక్కడి ఆదివాసులైన లకోటాలవి. 1877 ఫిబ్రవరి 28న చట్టం చేసి లాక్కునేదాకా అక్కడ అమెరికా కోర్టు లేదు. అందుకే పేరుమోసిన తుపాకీ వీరుడు వైల్డ్ బిల్ హికాక్‌ను 1876లో డెడ్‌వుడ్‌లో చంపిన జాక్ మెకాల్‌ను గని కూలీల కోర్టు వదిలేసినా, ఆ తీర్పు చెల్లదని అప్పటి డకోటా రాజధాని యాంక్టన్‌లో మళ్లీ విచారించి 1877 మార్చి 1న ఉరితీశారు. కాబట్టి 1876 నాటి కౌంటీ దస్త్రం కోసం వెతకొద్దు. 1889 దాకా ఆ ఊరు డకోటా టెరిటరీ (ఇంకా రాష్ట్రం కాని ప్రాంతం) కిందే కనబడుతుంది. 1879 సెప్టెంబరు 26 అగ్నిప్రమాదంలో డెడ్‌వుడ్ చాలా భాగం కాలిపోయింది, దాన్ని కూడా లెక్కలో పెట్టుకోండి.

పౌరసత్వం దగ్గరే ఎక్కువమంది చిక్కుకుంటారు. 1906కి ముందు ఏ స్థాయి కోర్టయినా పౌరసత్వం ఇచ్చేది. కనుక ఒక్క కోర్టులో దొరకనంత మాత్రాన లేదనుకోకూడదు; అతను బతికిన ప్రతి కౌంటీలోనూ చూడాలి. మామూలుగా ముందు, పౌరుణ్ని కాదలచానని చెప్పే ఉద్దేశ ప్రకటన; అయిదేళ్ల నివాసం తర్వాత రెండో కాగితం, అంటే పౌరసత్వానికి అర్జీ. బ్రిటిష్ పాలనలో పుట్టినవాడైతే అందులో విక్టోరియా రాణికి విధేయత వదులుకుంటున్నట్టు రాసి ఉంటుంది. 18 ఏళ్లలోపు వచ్చినవాడికి మొదటి కాగితం విడిగా ఉండకపోవచ్చు. మైనరుగా ఉండగా తండ్రి పౌరుడైతే కొడుక్కి అసలు కాగితమే ఉండదు. సేద్యం చేసుకునేందుకు ప్రభుత్వం ఇచ్చే 160 ఎకరాల హోమ్‌స్టెడ్ భూమి తీసుకుని ఉంటే పని సులువు: ఆ ఫైలులోనే పౌరసత్వ రుజువు నకలు ఉంటుంది.

జనాభా లెక్కల్లో 1870, 1880 పుట్టిన దేశం చెబుతాయి. వలస వచ్చిన ఏడు కావాలంటే 1900 చూడండి. 1890ది దాదాపు మొత్తం పోయింది. వయసులు ఒకటి రెండేళ్లు అటూ ఇటూ ఉంటాయి, పేరు స్పెల్లింగ్ అయితే ఇక అడగొద్దు.

అసలు బతుకు కనిపించేది కౌంటీని నడిపే కమిషనర్ల మినిట్స్‌లో, అంటే సమావేశాల నమోదు పుస్తకాల్లో. షెరీఫ్ ఆదాయంలో పెద్ద భాగం ఫీజులే: వారంటు అందించినందుకు ఇంత, మైలుకి ఇంత, ఖైదీ భోజనానికి ఇంత. ఆ బిల్లులు తేదీల వారీగా పేర్చితే అతను ఎటెటు తిరిగాడో తెలుస్తుంది. కొలువులో చేరేటప్పుడు షెరీఫ్ ఇచ్చే పూచీకత్తు బాండు మీద సంతకాలు చేసినవాళ్లను కూడా రాసుకోండి; అతని వెనక ఎవరి డబ్బు ఉందో వాళ్లే చెబుతారు.

ఇవన్నీ పేర్చుకున్నాకే బ్లాక్ హిల్స్ పయనీర్ లాంటి పత్రికలు తెరవండి.